కాగితం మీద గేదెలు: ఒక గ్రాంటు, కొన్ని వందల అప్పులు (నా అనుభవం)

ప్రకాశం జిల్లాలో ఏ ఊళ్ళోనైనా డ్వాక్రా సంఘం మినిట్స్ పుస్తకం తెరిచి చూడండి. బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, వచ్చిన నెలలో ఒక్కో పేరు పక్కన అప్పు దేనికో రాసి ఉంటుంది. పాడి గేదె, పాడి గేదె, కిరాణా కొట్టు, పాడి గేదె, కుట్టు మిషను, మళ్ళీ పాడి గేదె. పుస్తకాన్ని నమ్మితే ఊళ్ళో మనుషుల కన్నా గేదెలే ఎక్కువ ఉండాలి. ఇదేమీ రహస్యం కాదు. బ్యాంకు మేనేజరుకి తెలుసు, సంఘాల పనులు చూసే వెలుగు ఆఫీసులో సీసీకి (కమ్యూనిటీ కోఆర్డినేటరుకి) తెలుసు, పుస్తకం రాసిన యానిమేటరుకి మరీ బాగా తెలుసు. తెలియనట్టు ఉండేది మేమే, అంటే పరిశోధకులం. ఆ కాలమ్‌ను ఎత్తి రాసుకుని, పైన "రుణ వినియోగం" అని శీర్షిక పెట్టి, పాడికి ఇంత శాతం, చిరు వ్యాపారానికి ఇంత శాతం అని పట్టిక వేసేస్తాం.

నేను ఒక యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్తాను. ఆ పట్టిక వెనక అసలు ఏం జరుగుతోందో చూడాలని ప్రాజెక్టు రాసి, ఢిల్లీలో సామాజిక శాస్త్రాల పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ ఐసీఎస్‌ఎస్‌ఆర్ గ్రాంటు తెచ్చుకుని, రెండేళ్ళ పైచిలుకు దాని మీద పనిచేశాను. గ్రాంటుకు అప్లై చేయాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా మొదటిసారి ఫీల్డుకు వెళ్ళబోయే పీహెచ్‌డీ పిల్లలు, "లోపల ఏం జరుగుతుంది మేడమ్?" అని అడుగుతూ ఉంటారు. రూల్సు సంస్థ వెబ్‌సైట్లో ఉంటాయి. రూల్సులో లేనివి రాస్తాను.

ప్రపోజల్ అనగానే చాలామంది ముందు పాత పరిశోధనల సమీక్షతో కుస్తీ పడతారు. నేను బడ్జెట్‌తో మొదలుపెట్టాను. ఏ పద్ధతి వాడగలమో చివరికి తేల్చేది అదే కాబట్టి. ఒక్కసారి ఇంటికి వెళ్ళి ప్రశ్నావళి నింపుకుని వచ్చేయడం చవక. ఒకే ఇంటికి ఏడాది పొడవునా పదిహేను రోజులకోసారి వెళ్ళి, ఈ రెండు వారాల్లో చేతికి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరి దగ్గర తెచ్చారు, ఎవరికి సర్దారు అని రాసుకోవడం ఖరీదైన పని. ఫైనాన్షియల్ డైరీస్ అంటారు దీన్ని. నాకు కావాల్సింది అదే. అందుకని కొన్ని వందల ఇళ్ళలో ఒక సర్వే, వాటిలోంచి ఎంచుకున్న కొద్ది ఇళ్ళలో డైరీలు అని రెండు అంచెలుగా రాశాను. సింహభాగం ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ల జీతాలకీ ప్రయాణాలకీ పోయింది. ల్యాప్‌టాప్‌ల జోలికి పోలేదు. ప్రాజెక్టు అయ్యాక పరికరాలు ఎలాగూ యూనివర్సిటీకే చెందుతాయి, మనకి మిగిలేది డేటానే.

షార్ట్‌లిస్ట్ అయ్యాక నిపుణుల కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఉంటుంది. నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "స్వయం సహాయక సంఘాల మీద గుట్టలు గుట్టలుగా థీసిస్‌లు ఉన్నాయి. ఇంకోటి దేనికి?" న్యాయమైన ప్రశ్నే. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోంచే ఈ ప్రాంతంలో పొదుపు ఉద్యమం లేచింది. ఆ తర్వాత వెలుగు ప్రాజెక్టు, 2004లో పావలా వడ్డీ, 2010లో మైక్రోఫైనాన్స్ (ప్రైవేటు కంపెనీలు గ్రూపులకు ఇచ్చే చిన్న అప్పులు) సంక్షోభం, ఆ అక్టోబరులో ఆ కంపెనీల మీద వచ్చిన ఆర్డినెన్సు. ఒక్కోదాని మీద ఒక్కో అలమరా నిండుతుంది. "అవన్నీ సంఘాన్ని చూశాయి సార్, నేను ఇంటిని చూస్తాను" అన్నాను. జాతీయ నమూనా సర్వే 2019లో చేసిన 77వ విడత లెక్కలు చూపించాను. మన దేశంలో వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతానికి అప్పు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతానికి ఉంది. దేశంలో సగటు అప్పు 74,121 రూపాయలైతే ఇక్కడ 2,45,554. ఈ అంకెలు అందరూ చెప్తారు. ఆ రెండు లక్షల నలభై అయిదు వేలు ఒకే ఇంట్లో ఎన్ని చోట్ల ముక్కలుగా ఉందో, ఒక ముక్క తీర్చడానికి ఇంకో ముక్క ఎలా పుడుతుందో ఆ అంకెల్లో కనపడదు. ఆ మాటకి కమిటీలో ఒకాయన తల ఊపారు. గ్రాంటు అక్కడే వచ్చిందని నా నమ్మకం, ఋజువేమీ లేదనుకోండి.

మంజూరు లేఖ వచ్చాక కొన్ని వారాలు కాగితాలతోనే గడుస్తాయి. హామీ పత్రాలు, ప్రాజెక్టుకు విడిగా బ్యాంకు ఖాతా, ప్రభుత్వ నిధుల లెక్కలు చూసే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో రిజిస్ట్రేషన్, సిబ్బంది కోసం ప్రకటన, సెలక్షన్ కమిటీ. వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, ఓపిక ఉంటే చాలు.

సిబ్బంది ఎంపిక మాత్రం ఓపికతో అయ్యేది కాదు. ఇంటర్వ్యూకి మంచి మార్కులున్న అబ్బాయిలు చాలామంది వచ్చారు. అప్పుల సంగతి మగవాళ్ళకి, అందులోనూ కుర్రాళ్ళకి, ఏ ఇల్లాలూ విప్పి చెప్పదు. ఇద్దరు అమ్మాయిలను తీసుకున్నాను, ఒకమ్మాయి దర్శి వైపు, ఇంకో అమ్మాయి పొదిలి వైపు. ఇద్దరూ జిల్లావాళ్ళే, కానీ మేం ఎంచుకున్న ఊళ్ళలో ఎవరికీ చుట్టాలు కారు. ఇది కావాలనే చూశాను. మరీ ఊరి పిల్లయితే మాట సాయంత్రానికి ఇల్లిల్లూ తిరుగుతుందని భయం. మరీ దూరప్పిల్లయితే "నీకేం తెలుస్తుందిలేమ్మా" అనేస్తారు. పక్క మండలం అమ్మాయి అయితే యాసా కలుస్తుంది, గుట్టూ ఉంటుంది.

ప్రపోజల్ రాసినప్పుడు ప్రకాశం జిల్లా పెద్దది. ఫీల్డుకు బయల్దేరే వేళకి 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్లలోకి వెళ్ళిపోయాయి. నేను శాంపిల్‌లో పెట్టుకున్న మండలాల్లో కొన్ని జిల్లా దాటేశాయి. అప్పుడిక "ప్రకాశం జిల్లా" అంటే ఏది? కొత్త జిల్లా ఎల్లల లోపలే ఉండాలని నిర్ణయించుకుని, ఆ మార్పుకు కారణం రాసి పంపి, కొత్తగా లాటరీ తీశాం. ఊరి లెక్కలకేమో 2011 జనాభా లెక్కలే దిక్కు, 2021లో జరగాల్సినవి జరగనే లేదు. దాంతో ఎంచుకున్న ప్రతి ఊళ్ళో ముందు మేమే ఇళ్ళ జాబితా రాసుకున్నాం. దీనికి బడ్జెట్‌లో పద్దు లేదు. మీరు రాసేటప్పుడు పెట్టుకోండి.

"వాలంటీర్ల దగ్గర జాబితా ఉంటుంది కదా, అడిగితే ఇచ్చేవాళ్ళు" అని చాలామంది అన్నారు. అప్పట్లో యాభై ఇళ్ళకు ఒక గ్రామ వాలంటీరు ఉండేవారు, ప్రతి ఇంటి సంగతీ వాళ్ళకి తెలుసు. సరిగ్గా అందుకే వాళ్ళ వెంట వెళ్ళకూడదనుకున్నాం. పథకాలు వాలంటీరు చేతుల మీదుగా వచ్చేవి. ఆ మనిషి పక్కన నిలబడి ఉండగా "మీ ఆదాయం ఎంత?" అని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? వాలంటీరు లేకుండా వెళ్ళినా మొదటి వారమంతా గుమ్మంలో ఎదురైన ప్రశ్నలు రెండే. "ఏదన్నా పథకానికా అమ్మా?" కాదంటే, "అయితే రేషన్ కార్డు తీసేయడానికా?"

తర్వాతి చిక్కు సంతకం. మా ఎథిక్స్ కమిటీ పద్ధతి ప్రకారం పరిశోధనలో పాల్గొనేవాళ్ళు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. చదివి వినిపించాం, తెలుగులోనే, తేలిక మాటల్లోనే. అంతా విని "మీరు అడగండి, నేను చెప్తా, సంతకం మాత్రం పెట్టను" అన్నారు. ఒకరు కాదు, ఇంటికి ఇల్లు. ఈ ఊళ్ళలో ఆడవాళ్ళకి సంతకం అంటే జామీను. సంఘంలో పదిమందికి పదిమందీ ఒకరికొకరు పూచీ పడతారు. 2010 నాటి మైక్రోఫైనాన్స్ గ్రూపుల్లో పక్కింటామె కట్టకపోతే కంపెనీవాళ్ళు వచ్చి వీళ్ళ గుమ్మంలో కూర్చున్న రోజులు వాళ్ళు మర్చిపోలేదు. తెలియని కాగితం మీద వేలు పెట్టకూడదన్నది వాళ్ళు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. దాన్ని మా కోసం ఎందుకు వదులుకోవాలి? కమిటీకి మళ్ళీ రాశాను. నోటి మాటగా అంగీకారం తీసుకుని, ఇన్వెస్టిగేటరు దాన్ని నమోదు చేసేలా అనుమతి వచ్చింది. ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి.

ఇక అసలు పని, ప్రశ్నావళి. ముసాయిదాతో కొన్ని ఇళ్ళలో అడిగి చూశాం. "మీకు అప్పులేమైనా ఉన్నాయా? ఎవరి దగ్గర? ఎంత వడ్డీ?" అనే వరుస ఇది. ప్రభుత్వ సర్వేల్లోనూ దాదాపు ఇలాగే ఉంటుంది. జవాబు ఒకటే: డ్వాక్రా లోను ఉంది, గేదెలకి తీసుకున్నాం. ఇంకేమీ లేవా? లేవు. పశువుల కొట్టం ఖాళీగా కనపడుతూనే ఉంటుంది.

వరుస తిరగేశాం. అప్పుల ఊసే ఎత్తకుండా, "ఈ రెండేళ్ళలో ఇంట్లో పెద్ద ఖర్చులు ఏమొచ్చాయి?" అని మొదలుపెట్టాం. ఆస్పత్రి, పెళ్ళి, కాలేజీ ఫీజు, రేకులు మార్చడం, బోరు ఎండిపోవడం. ఒక్కోదానికి "అప్పుడు డబ్బు ఎట్టా సర్దుకున్నారు?" అని అడిగాం. అంతే, చెప్పడం మొదలుపెడితే ఆగరు. మామగారి ఆపరేషన్‌కి గాజులు తాకట్టు. అవి విడిపించడానికి చీటీ పాట. చీటీ కిస్తీకి అక్క దగ్గర చేబదులు. ఇంతకు ముందు "లేవు" అన్న మనిషే. అబద్ధం చెప్పిందని నేననను. బంగారం పెట్టి తెచ్చుకున్నది తన వస్తువు మీద తెచ్చుకున్నది, అక్క ఇచ్చింది అక్క ఇచ్చింది. అప్పు అనే గడిలో వాటిని వేసింది మేము.

తేదీలతో ఇంకో తలనొప్పి. "ఏ నెలలో?" అంటే ఎవరికీ గుర్తుండదు. కానీ ఆసరా విడతలు బాగా గుర్తు. 2019 ఏప్రిల్ 11 నాటికి సంఘాలకు ఉన్న బాకీని నాలుగు విడతల్లో చెల్లిస్తామని రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పథకం అది. మొదటి విడత 2020 సెప్టెంబరులో పడింది. "రెండో ఆసరా పడకముందే పాప సమర్తాడింది, అప్పటికే గొలుసు బ్యాంకులో ఉంది" అని చెప్తారు. మా అమ్మాయిలు ఆ విడతల తేదీలు, పొగాకు వేలం మొదలైన రోజులు, పండగలు ఒక అట్ట మీద రాసుకుని వెంట పెట్టుకున్నారు. ఆ అట్ట లేకపోతే ఈ ప్రాజెక్టే లేదు.

డైరీల్లో తేలింది ఒక ఇంటి లెక్కతో చెప్తాను. గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. సంఘం లింకేజీలో ఆమె వాటాకు యాభై వేలు వచ్చాయి. పుస్తకంలో కారణం పాడి గేదె. డబ్బు పడిన రోజు సాయంత్రానికే ముప్పై వేలు ఒక రైతుకు చేరాయి. కూతురి కాన్పుకు ఆయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు, అంటే ఏడాదికి 24 శాతం. పదివేలు తోడికోడలికి. నిజానికి ఆ పదివేలకు ఈమె పేరు వాడుకున్నారంతే. తోడికోడలు సంఘంలో లేదు, కిస్తీ ఆమే కడుతుంది. మిగిలిన పదివేలలో పిల్లాడి పాలిటెక్నిక్ ఫీజు, బియ్యం కొట్టు బాకీ. గేదె రాలేదు. కానీ ఏం జరిగిందో చూడండి. 24 శాతం అప్పు పోయి, సక్రమంగా కడితే దాదాపు వడ్డీయే పడని అప్పు వచ్చింది. ఈమె చేసిన పని చదువుకున్నవాళ్ళు హోమ్ లోను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకోవడం లాంటిదే. అక్కడ తెలివి అంటాం. ఇక్కడ మా పట్టికల్లో "రుణ దుర్వినియోగం" అని రాస్తాం. ఆ మాట చాలా థీసిస్‌లలో చదివాను, చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది.

అన్ని ఇళ్ళూ ఇలా లాభంలో పడ్డాయని కాదు. లింకేజీ డబ్బుతో వారం వారం కట్టే మైక్రోఫైనాన్స్ కంపెనీ అప్పు తీర్చి, మూడు నెలల్లో అదే కంపెనీ దగ్గర ఇంకో అప్పు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. చేబదులు విషయంలో తేడా మరీ కొట్టొచ్చినట్టు కనపడింది. ఊరి మధ్య వీధుల్లో ఒకరికి డబ్బు ఆడనప్పుడు ఇంకొకరికి ఆడుతుంది. ఒకరిది జీతం, ఒకరిది పొలం, ఒకరిది కొట్టు. ఎస్సీ కాలనీలో అందరిదీ కూలి పనే, అందరికీ ఒకే నెలల్లో చేతులు ఖాళీ. ఇద్దామన్నా ఇచ్చేవాళ్ళు ఉండరు. అప్పుడు మిగిలేది పని ఇచ్చే రైతు అడ్వాన్సు. అది తీసుకుంటే వచ్చే సీజన్లో పొగాకు పని ఆయన దగ్గరే చేయాలి, బయట కూలి రేటు పెరిగినా సరే. ఆ తేడాను వడ్డీ కాలమ్‌లో వెతికితే సున్నా కనపడుతుంది. కూలి కాలమ్‌లో కనపడుతుంది.

2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్‌కు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులకు అవి వర్తిస్తాయి. కుటుంబం మొత్తం కిస్తీలు కలిపి నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదు. మంచి రూలే. అయితే ఆ 50 శాతం లెక్కకు అప్పులన్నీ ఎక్కడో నమోదై ఉండాలి. రెండు రూపాయల వడ్డీకి రాసిన ప్రామిసరీ నోటు, చీటీ, రైతు అడ్వాన్సు, పక్కామె పేరు మీద తీసుకున్న పదివేలు ఏ క్రెడిట్ బ్యూరోకీ కనపడవు. మా డైరీల్లో ఇళ్ళను సతమతం చేసినవి ఎక్కువగా అవే. పాలసీ బ్రీఫ్‌లో నేను గట్టిగా చెప్పిన మాట ఇదొక్కటే.

డైరీ ఇళ్ళవాళ్ళకి ఏడాదంతా మా కోసం టైము ఇచ్చినందుకు ఏమైనా ఇవ్వాలి కదా. బడ్జెట్‌లో ముందే "గౌరవ పారితోషికం" అని కొంత పెట్టుకున్నాను. మా యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు ఫైలు వెనక్కి పంపారు: పారితోషికం కాబట్టి తీసుకున్నవాళ్ళ పేర్లు, సంతకాలు, పాన్ నంబర్లు జతచేయాలి. పేర్లు బయటపెట్టనని ఎథిక్స్ కమిటీకి మాట ఇచ్చాను. ఆడిట్ ఫైల్లో పేర్ల జాబితా పెడితే ఆ మాట ఏం కావాలి? సంతకాల సంగతి సరేసరి. చాలా తిరిగాక డబ్బు బదులు వస్తువు ఇవ్వచ్చన్నారు. ఏం కావాలో వాళ్ళనే అడిగాం, మూతలున్న పెద్ద స్టీలు డబ్బాలు కావాలన్నారు. ఒకే షాపు, ఒకే బిల్లు, జీఎస్టీతో సహా. సమస్య తీరిందనుకున్నా. ఆరు నెలల తర్వాత స్టాకు తనిఖీకి వచ్చినాయన రిజిస్టరు చూసి "డబ్బాలు ఏవి?" అని అడిగారు.

మార్చి నెల గురించి విడిగా హెచ్చరించాలి. ఈ ప్రాంతంలో పొగాకు చేను, ఆకు కాల్చే బ్యారన్, గ్రేడింగ్ పని అంతా చలికాలం నుంచి వేసవి దాకా సాగుతుంది. మార్చిలో వేలం నడుస్తూ ఉంటుంది, డబ్బు చేతులు మారేది అప్పుడే. మా డైరీలకి అంతకన్నా ముఖ్యమైన నెల లేదు. సరిగ్గా అప్పుడే ఆర్థిక సంవత్సరం ముగింపు. 31 లోపు ఖర్చు తేల్చి, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం తయారుచేయాలి. అది మా యూనివర్సిటీలో సంతకాలన్నీ అయ్యి కదిలితేనే తర్వాతి విడత డబ్బు అడగడానికి ఉంటుంది. సంతకాలు పెట్టాల్సిన అధికారి ఒకరు సెలవులో, ఇంకొకరు బదిలీలో. ఇన్వెస్టిగేటర్లకు రెండు నెలలు జీతం ఆగింది. ఒకమ్మాయి ఊళ్ళో డైరీ రాసుకుంటూ ఉంటే "నీకు జీతం వస్తందా?" అని ఎదురు ప్రశ్న వేసిందట ఆ ఇంటామె. లేదని తెలిసి అయిదొందలు చేబదులు ఇవ్వబోయింది. తీసుకోలేదని మా అమ్మాయి నాతో చెప్పింది, నేనూ రెట్టించి అడగలేదు.

అదే రోజుల్లో ఆటో ఖర్చుల మీద అభ్యంతరం వచ్చింది. ఆటోవాడు బిల్లు ఇవ్వడు, స్వయంగా ధ్రువీకరించిన వోచరు పెట్టుకోవాలి. ఆ పద్దులో డబ్బు చాలలేదు, స్టేషనరీ పద్దులో మిగిలింది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చాలంటే ముందుగా అనుమతి కావాలి. ఒక సాయంత్రం ఒక డైరీ ఇంట్లో కూర్చుని ఈ గోలంతా వెళ్ళగక్కుతుంటే ఆ ఇంటామె పగలబడి నవ్వింది. "మీక్కూడా గేదె రాయాల్సిందేనా మేడమ్?"

అనుమతి తీసుకుని మార్చాను, అది వేరే సంగతి. కానీ ఆ మాట విన్నాక రిపోర్టులో ఒక అధ్యాయం మొత్తం తిరిగి రాశాను. డబ్బు ఇచ్చే ప్రతివాళ్ళూ అది దేనికో ముందే చెప్పమంటారు, తీసుకునేవాళ్ళు నప్పే కారణం చెప్తారు. అందుకే మా పట్టికల్లో నమోదైన కారణాన్నీ జరిగిన వాడకాన్నీ రెండు వేర్వేరు సంగతులుగా చూపించాను. మొదటిది చూస్తే బ్యాంకుకి ఏం వినాలని ఉందో తెలుస్తుంది. రెండోదాంట్లో ఇంటి అవసరం ఉంటుంది.

రిపోర్టు ముసాయిదా అయ్యాక ఢిల్లీకి పంపేముందు ఊళ్ళకు వెళ్ళి చెప్పాం. ఒక గ్రామ సంఘం మీటింగులో, పొదుపు లెక్కలు అయ్యాక మాకు టైము ఇచ్చారు. చార్టుల మీద గీసి చూపించాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక లీడరు లేచింది. "ఏంది మేడమ్, గేదెలు కొనలేదని రాస్తారా? రేపు బ్యాంకోళ్ళు సదివితే మాకు మళ్ళీ లోను ఇస్తారా?" వెనక నుంచి ఇంకొకామె: "బ్యాంకోళ్ళకి తెలవదా ఏంది?" "తెలవడం వేరు, కాగితం మీద ఉండటం వేరు." అరగంట వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. నేను నోట్సు రాసుకున్నాను. ఏ సెమినార్‌లోనూ ఇంత పనికొచ్చే చర్చ వినలేదు.

చివరికి ఒప్పుకున్నది ఇది. ఊరు, మండలం, బ్యాంకు బ్రాంచి పేర్లు ఎక్కడా రాకూడదు. సంఘం వారీగా ఏ అంకే ఇవ్వకూడదు, అన్నీ కలిపిన మొత్తాలే ఉండాలి. తీసుకున్న అప్పు సకాలంలో కడుతున్నారా లేదా అన్నది పక్కనే రాయాలి. మూడోది వాళ్ళు పెట్టిన షరతు. రాశాను. పుస్తకంలో కారణం ఏదున్నా కిస్తీలు దాదాపు అందరూ కట్టారు కాబట్టి ఆ పేరా రాయడానికి నాకు ఇబ్బందేమీ కలగలేదు. రిపోర్టుతో పాటు ఇవ్వాల్సిన డేటాలోంచి పేర్లు, ఊళ్ళు, ఆ ఊరికి ఒక్కటే ఉండే వృత్తుల వివరాలు తీసేశాం. ఊళ్ళో ఒకే ఒక్క టైలరు ఉంటే, పేరు తీసేసినా అది ఎవరో ఊరంతటికీ తెలుసు మరి.

దాంట్లోంచి రాసిన వ్యాసం ఒకటి ఇప్పుడు ఒక జర్నల్‌లో సమీక్షలో ఉంది. ఇద్దరు రివ్యూయర్లలో ఒకరు చిన్న చిన్న సవరణలు చెప్పారు. రెండోవారి మొదటి వ్యాఖ్య: "రుణాన్ని కారణాల వారీగా చూపే పట్టిక లేదు, ఈ రంగంలో అది ఆనవాయితీ, చేర్చగలరు." చేర్చాను. మినిట్స్ పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో, డైరీల్లో తేలింది దాని పక్క కాలమ్‌లో. రెండూ ఎందుకు కలవవో కింద నాలుగు పేరాల వివరణ రాసి పంపాను. జవాబు రావాల్సి ఉంది.